నలుపు కాస్తా బూడిదయింది: తోలుబొమ్మ ముఖం ఫొటో తీయబోయి నేను పడ్డ తిప్పలు

2024 ఫిబ్రవరి 11, ఆదివారం. అనంతపురం నుంచి ధర్మవరం మీదుగా నిమ్మలకుంటకు పోయి ఒక ఆంజనేయుడి తోలుబొమ్మ కొనుక్కొచ్చాను. మోకాలెత్తు బొమ్మ, 1,800 రూపాయలు. 2020లో పద్మశ్రీ అందుకున్న తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. ఏ వసారాలోకి తొంగి చూసినా ఎవరో ఒకరు మేకతోలు మీద ఉలితో చిల్లులు కొడుతూ కనిపిస్తారు. నాకు కావలసింది బొమ్మంతా కాదు. ముఖం, కిరీటంలో సగం, అంతే. ఆ కిరీటం నిండా ఆవగింజంత చిల్లులు. వెనక వెలుతురు పెట్టి, ఆ ముఖాన్ని ఉన్నంత సైజులో నెగెటివ్ మీదికి ఎక్కించాలని ఎప్పటి నుంచో కోరిక.

కెమెరా నాన్నది. అలెప్పీలో తయారైన వాగీశ్వరి, హాఫ్ ప్లేటు సైజు, చెక్క ఒళ్ళు, ఇత్తడి బిగింపులు. స్టూడియో మూసేశాక పదిహేనేళ్ళు అటక మీదే ఉండింది. నాలుగు బై అయిదు అంగుళాల ఫిల్మ్ షీటు పెట్టుకునే హోల్డర్ పట్టేలా వెనక చట్రం ఒక వడ్రంగి చేత చేయించుకున్నాను. బెంగుళూరులో సెకండ్ హ్యాండ్ 150 ఎం.ఎం. లెన్సు ఒకటి దొరికింది. ఇదంతా అంతకు ముందేడాది ఖర్చు, ఇక్కడ లెక్కలోకి తేను.

ఫిల్మ్ మాత్రం ఎక్స్‌రే ఫిల్మ్. అసలు ఫిల్మ్ షీటు ఒక్కోటి రెండు వందలు దాటుతుంటే, ఎనిమిది బై పది ఎక్స్‌రే షీట్లు వంద ఉన్న పెట్టె 2,900కే వచ్చింది. ఒక్కో షీటును నాలుగు ముక్కలు చేసుకోవచ్చు. మెడికల్ సామాన్ల అంగడాయన పెట్టె మీద దుమ్ము తుడుస్తూ, "ఇప్పుడు ఫిల్మ్ అడిగేవాళ్ళెవరు సార్, అంతా కంప్యూటరే గదా. ఏ ఆసుపత్రి మీది?" అన్నాడు. ఫొటోలకని చెప్తే నన్ను ఎగాదిగా చూశాడు.

ఫిబ్రవరి 18న మేడ మీద గదిలో మొదటి ప్రయత్నం. తూర్పు కిటికీకి తెల్లపంచె నిండుగా కట్టాను. దాని ముందు దారాలతో బొమ్మను వేలాడదీశాను. పంచె వెనక నుంచి ఎండ పడేసరికి ఆంజనేయుడు వెలిగిపోయాడు. ఉన్నంత సైజులో తీయాలంటే లెన్సుకీ ఫిల్మ్‌కీ మధ్య దూరం దాని ఫోకల్ లెంగ్త్‌కి, అంటే నా లెన్సు మీద రాసున్న ఆ 150 ఎం.ఎం.కి, రెట్టింపు కావాలి. అంటే లెన్సుకీ ఫిల్మ్‌కీ మధ్య మడతలు మడతలుగా సాగే తిత్తి, బెల్లోస్, 30 సెంటీమీటర్లు సాగాలి. అప్పుడు ఫిల్మ్‌ని చేరే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది కాబట్టి వెలుతురు కొలిచే మీటరు చెప్పిన టైముకి నాలుగు రెట్లు ఇవ్వాలి. లెన్సు కన్నాన్ని బాగా చిన్నది చేసి, ఎఫ్ 32 దగ్గర పెడితే మీటరు ఒక సెకను అంది, నేను నాలుగు ఇచ్చాను. నాలుగు షీట్లు తీశాను.

బాత్‌రూమే డార్క్‌రూమ్. ఇక్కడ ముందు నీళ్ళ సంగతి చెప్పాలి. మా బోరు నీళ్ళతో కడిగితే నెగెటివ్ మీద తెల్లని మచ్చలు మిగులుతాయి, అందుకని క్యాన్ నీళ్ళే వాడాను. ఫిబ్రవరిలోనే ట్యాంకు నీళ్ళు 27 డిగ్రీలు. ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే మందు, డెవలపర్, 20కి దిగాలంటే ట్రే కింద ఐసు గడ్డల బకెట్ పెట్టాలి. ఎక్స్‌రే ఫిల్మ్‌కి రెండు వైపులా వెలుతురు పట్టే మందు పూత ఉంటుంది, ట్రే అడుగున గీసుకుంటే అంతే సంగతులు. అడుగున ఒక గాజు పలక వేశాను. ఒక్క సుఖం ఏమిటంటే ఎర్ర బల్బు కింద చూసుకుంటూ కడగొచ్చు.

చూసుకుంటూ కడిగాను గనుకే గుండె జారింది. తోలు అంచు, కనుబొమ, మీసం గీత, ఇవన్నీ నెగెటివ్‌లో గాజులా తేటగా మిగలాలి. వాటి మీద కూడా ముసురు పట్టినట్టు బూడిద రంగు కమ్ముకుంది. ప్రింటు వేస్తే ఇంకా దరిద్రం. కాటుక గీత ఉండాల్సిన చోట పొయ్యి బూడిద, మధ్యలో పొగ ఊదినట్టు తెల్లని మేఘం, కిరీటం చిల్లుల చుట్టూ గుండ్రని కాంతి. ఇంట్లో చూపిస్తే మా ఆవిడ "బాగుంది, దేవుడి బొమ్మకి తేజస్సు వచ్చింది" అంది. ఆ మాటకి ఇంకా ఒళ్ళు మండింది.

ఆ తర్వాత రెండు వారాలు నేను చేసింది వెతకడం కాదు, గుడ్డిగా తిరగడం. డెవలపర్ వేడెక్కిందేమోనని మళ్ళీ కలిపాను. ఎర్ర బల్బు తప్పేమోనని ఆర్పేసి చీకట్లో కడిగాను. టైము తగ్గించాను, పెంచాను. పద్నాలుగు షీట్లు పోయాయి. సమాధానం సగం నా చేతిలోనే ఉందని మార్చి మొదటి వారంలో గానీ తట్టలేదు. ప్రతి నెగెటివ్ అంచునా హోల్డర్ పట్టాల కింద దాక్కునే సన్నని చార ఒకటి ఉంటుంది. నా నెగెటివ్‌లు అన్నిట్లో ఆ చార తేటగా ఉంది. న్యూస్‌పేపర్ మీద పెడితే దాని గుండా చిన్న అక్షరాలు కూడా చదవొచ్చు. బొమ్మ పడిన భాగంలో నల్లగీతల చోట పెడితే హెడ్డింగులు కూడా కష్టం. డెవలపర్‌దో, ఎర్ర బల్బుదో, పాత ఫిల్మ్‌దో తప్పయితే అంచు కూడా మసకబారాలి. అంచు తేటగా ఉందంటే, తప్పు కెమెరా లోపల జరిగిందన్నమాట.

మార్చి 8 శివరాత్రి. ఎటూ జాగారమే. ఇంట్లో వాళ్ళు గుడికి పోయాక దీపాలన్నీ ఆర్పి, బెల్లోస్ లోపల సన్న టార్చి పెట్టి చుట్టూ తిరిగి చూశాను. మడతల మూలల్లో మూడు చోట్ల చుక్కల్లా వెలుతురు! దొంగ దొరికాడని ఒక్కణ్ణే గట్టిగా నవ్వాను. నల్ల రంగు ఏదీ చేతికందక మా అమ్మాయి డ్రాయరులో ఉన్న నల్ల నెయిల్ పాలిష్ తీసి లోపలి నుంచి మూడు చిల్లులూ పూడ్చాను. ఈ నెయిల్ పాలిష్ సంగతి గుర్తు పెట్టుకోండి.

మార్చి 10న పరీక్ష. షట్టర్ మూసే ఉంచి, హోల్డర్‌లో ఫిల్మ్‌ని కప్పి ఉంచే డార్క్ స్లైడ్ లాగి, కెమెరాని ఎండలో రెండు నిమిషాలు ఉంచాను. ఆ షీటు కడిగితే చుక్క మసి లేదు. చిల్లులు పూడాయి. సంబరంగా బొమ్మ తీశాను. అదే బూడిద. ఆ రోజు భోజనం సయించలేదు. చిల్లులు నిజమే, కానీ అవి నా జబ్బు కాదు. షట్టర్ మూసినప్పుడు శుభ్రంగా ఉండి, తెరిచినప్పుడు మసకేస్తోందంటే వెలుతురు దొడ్డిదారిన రావడం లేదు. లెన్సులోంచి దర్జాగా వస్తోంది.

అంతటితో ఆగి ఆలోచించి ఉంటే ఒక నెల మిగిలేది. ఆలోచించకుండా డబ్బులు ఖర్చు పెట్టాను.

ముందు ఫిల్మ్ మీద అనుమానపడ్డాను. మామూలు ఫిల్మ్‌కి వెనక వైపు ఒక పూత ఉంటుంది. ఫిల్మ్ దాటి పోయిన వెలుతురు వెనక్కి తన్నకుండా అది మింగేస్తుంది. ఎక్స్‌రే ఫిల్మ్‌కి అది ఉండదు, పైగా రెండు వైపులా మందు. వెలిగే చిల్లుల చుట్టూ కాంతి కమ్ముకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? మార్చి 12న ఇల్‌ఫోర్డ్ కంపెనీ నలుపు తెలుపు ఫిల్మ్ ఎఫ్‌పీ4 ప్లస్, 25 షీట్ల పెట్టె ఆర్డర్ పెట్టాను. 5,600. తొమ్మిది రోజులకి, 21న వచ్చింది. 24న తీశాను. ఇది ఎర్ర బల్బు కింద కూడా పాడైపోతుంది, అందుకని కటిక చీకట్లో వేళ్ళ లెక్కతో కడిగాను. చిల్లుల చుట్టూ ఉన్న గుండ్రని కాంతి పోయింది! ఒక్కో చిల్లూ సూదితో పొడిచినట్టు వచ్చింది. ముసురు మాత్రం అలాగే ఉంది. మధ్యలో మేఘం కూడా కదల్లేదు. ఒకటనుకున్నది రెండు జబ్బులు. ఇది తెలియక ఇన్నాళ్ళూ ఒకే మందు వెతుకుతున్నాను.

తర్వాత అనుమానం లెన్సు మీదికి పోయింది. టార్చి వేసి చూస్తే వెనక గాజు లోపల పలచగా ఆవిరి పట్టినట్టు కనిపించింది. మార్చి 26న బెంగుళూరు పోయే తెలిసినాయన చేతికిచ్చి పంపాను. పదకొండు రోజులు, 1,500 రూపాయలు. ఏప్రిల్ 6న అద్దంలా మెరుస్తూ వచ్చింది. 7న తీశాను. పాత నెగెటివ్, కొత్త నెగెటివ్ పక్కపక్కన పెడితే తేడా ఉందని నన్ను నేను నమ్మించుకోవడానికి అరగంట పట్టింది. కెమెరా మీద నల్లగుడ్డ కప్పేసి కిందికి దిగొచ్చాను. మళ్ళీ అటక ఎక్కిద్దామని కూడా అనిపించింది.

రెండు రోజులకి ఉగాది. పచ్చడి, ఓళిగలు తీసుకుని పాత ఊళ్ళో ఉండే మామ ఇంటికి పోయాను. మామ అంటే చుట్టం కాదు, నాన్న స్టూడియోలో ముప్పై ఏళ్ళు రీటచింగ్ చేసినాయన. పెన్సిల్ ముక్కుతో నెగెటివ్ మీద మొటిమలు మాయం చేసిన చెయ్యి. అప్పటికి 74 ఏళ్ళు. నా కథంతా విని ఒకే మాట అడిగాడు.

"తిత్తి లోపల సూసినావా?"

మామకి బెల్లోస్ ఎప్పుడూ తిత్తే.

"చూశాను మామా, చిల్లులు పూడ్చేశాను."

"చిల్లుల మాట కాదప్పా. ఫిల్మ్ కూచునే కాడ నీ కన్ను పెట్టి సూసినావా అంటా ఉండా."

మరునాడు, ఏప్రిల్ 10 పొద్దున, ఆటోలో ఆయన్నే మేడ మీదికి తీసుకొచ్చాను. మెట్లెక్కడానికి పది నిమిషాలు పట్టింది. బొమ్మ, పంచె, ఎండ అన్నీ ఫొటో తీసే రోజున్నట్టే సర్దించాడు. లెన్సు పూర్తిగా తెరిపించాడు. వెనక బొమ్మ చూసుకునే గరుకు గాజు, గ్రౌండ్ గ్లాస్, తీయించి, నా తల మీద నల్లగుడ్డ వేసి, "ఇప్పుడు మూలలోంచి సూడు" అన్నాడు.

చూశాను. దిగుడుబావిలోకి వంగితే మిట్టమధ్యాహ్నం నీళ్ళ మీంచి వెలుగు గోడలకి తగిలి ఆడుతుంటుందే, అలా ఉంది లోపల. చీకటి గుహ అనుకున్న బెల్లోస్ నాలుగు గోడలూ వెలుగుతున్నాయి. అన్నిటికంటే కింది గోడ. అక్కడ అరచేయంత ముక్క ఒకటి నీళ్ళలో తడిపినట్టు తళతళలాడుతోంది. దాని పైన మూడు చుక్కలు, శివరాత్రి నాటి నా నెయిల్ పాలిష్, మూడు నక్షత్రాల్లా. ముందువైపు లెన్సు బిగించే పలక, లెన్స్ బోర్డు, లోపలి ముఖం వార్నీషు వేసిన ఎర్ర చెక్క, అదీ మెరుస్తోంది.

"ఆ ముక్క మీ నాయన ఏసిన అతుకు" అన్నాడు మామ, చూడకుండానే. "ఎలుక కొరికితే ఆటో సీట్లు కుట్టేవాళ్ళ కాడ రెక్సిన్ తెచ్చి అంటించినాడు. అప్పుడు మనం తీసేది మనిషి ఫొటోలు. ఎలుతురు ముందర నుంచి, తిత్తి ఇంత పొట్టిగా. దానికి అది సాలు."

నల్లగా ఉంటే చాలనుకున్నాను నేను. రెక్సిన్ నలుపే, నెయిల్ పాలిష్ నలుపే. ఎదురుగా చూస్తే రెండూ నల్లగానే ఉంటాయి. ఏటవాలుగా వెలుతురు తగిలితే రెండూ అద్దాలే. లెన్సు నుంచి వచ్చే వెలుతురు బెల్లోస్ గోడలకి తగిలేది ఏటవాలుగానే మరి.

మామ పోయాక కాగితం, స్కేలు పట్టుకుని కూర్చుంటే మిగతా సగం అర్థమయింది. నా లెన్సు దూరపు దృశ్యానికి దాదాపు 21 సెంటీమీటర్ల వెడల్పు వెలుతురు వలయాన్ని గీస్తుంది. ఉన్నంత సైజులో తీసేటప్పుడు బెల్లోస్ రెట్టింపు సాగుతుంది కాబట్టి ఆ వలయమూ రెట్టింపై 42 సెంటీమీటర్లకు పోతుంది. పెద్ద పళ్ళెమంత. అందులో నా ఫిల్మ్ పట్టుకునేది తొమ్మిదిన్నర బై పన్నెండు సెంటీమీటర్ల ముక్క, పన్నెండో వంతు. మిగతా పదకొండు వంతులు ఎక్కడికి పోవాలి? బెల్లోస్ గోడల మీదికే. మామూలుగా అయితే ఆ పదకొండు వంతుల్లో గోడో, బల్లో, చీకటో ఉంటుంది. నేనేమో కిటికీ నిండా ఎండలో వెలిగే తెల్లపంచె కట్టాను. ఫొటోలో ఒక్క అంగుళం కూడా పడని పంచెని రెండు నెలలుగా కెమెరాలోకి కుమ్మరిస్తున్నాను.

ఆ మధ్యాహ్నమే, బెల్లోస్ జోలికి పోకుండా, ఒక్క పరీక్ష చేశాను. నల్ల చార్టు కాగితంలో ముఖం కంటే చుట్టూ సెంటీమీటరు ఎక్కువగా కిటికీ కోసి, బొమ్మకీ పంచెకీ మధ్య కట్టాను. ఒక షీటు చార్టుతో, ఒక షీటు చార్టు లేకుండా. అదే ఎఫ్ 32, అదే నాలుగు సెకన్లు, రెండూ ఒకే ట్రేలో. ఆరాక న్యూస్‌పేపర్ మీద పెట్టాను. చార్టు లేని నెగెటివ్‌లో మీసం గీత గుండా అక్షరం ఆనవాలు లేదు. చార్టు ఉన్నదాంట్లో వార్త చదివాను. ధర్మవరంలో నీళ్ళ ట్యాంకర్ల గురించి. నాలుగు సార్లు చదివాను. ముప్పావు వంతు జబ్బు నలభై రూపాయల చార్టుతో పోయింది.

మిగిలిన పావు వంతుకి పది రోజులు పట్టింది. ముందు అతుకు. వెల్వెట్ అంటిద్దామనుకుని మీటరు 260 పెట్టి కొన్నాను. మందంగా ఉండి మడత పడదు, బెల్లోస్ మూసుకోదు. దాన్ని పక్కన పెట్టి, నాన్న రెక్సిన్‌ని సన్నని సాండ్ పేపర్‌తో రుద్ది మెరుపు చంపి, దీపం మసిని పలచటి ఫెవికాల్ నీళ్ళలో కలిపి పూశాను. నెయిల్ పాలిష్ చుక్కల మీద కూడా అదే. ఆరాక మసి రాలుతుందేమో చూసుకోవాలి, రాలితే ఫిల్మ్ మీద దుమ్ము చుక్కలవుతుంది. గుడ్డతో దులిపి, ఒక రోజంతా వదిలేసి, మళ్ళీ దులిపాను. వెల్వెట్ వృథా పోలేదు, లెన్స్ బోర్డు లోపలి ముఖానికి లెన్సు చుట్టూ అంటించాను. ఫొటో మధ్యలో ఉండే ఆ మేఘం ముప్పాతిక అక్కడిదే అని నా నమ్మకం. ఫిల్మ్ మీద పడిన వెలుతురు కొంత వెనక్కి తన్ని, వార్నీషు చెక్కకి తగిలి, మళ్ళీ ఫిల్మ్ మధ్యకే వస్తోంది.

ఆ తర్వాత లోపల ఒక అడ్డు. బెల్లోస్ సగం దూరంలో, మడత గాడిలో కూర్చునేలా నల్ల అట్ట, మధ్యలో కిటికీ. లెన్సు నుంచి ఫిల్మ్‌కి పోయే వెలుతురు సగం దూరంలో ఫిల్మ్ సైజులో సగమే ఉంటుంది కాబట్టి అయిదు బై ఆరు సెంటీమీటర్లు చాలని కోశాను. ఏప్రిల్ 14న తీస్తే కిరీటం కొసలు నల్లగా తెగిపోయాయి. లెక్క తప్పలేదు, తిత్తి తప్పింది. ముసలి బెల్లోస్ నడుమున వేలు మందం కిందికి జారి, అడ్డు కూడా దాంతో దిగింది. రెండు దారాలతో బెల్లోస్ నడుముని పైకి కట్టి, కిటికీని ఆరు బై ఏడున్నరకి పెంచాను. ఈసారి షీటు తగలేయలేదు. లెన్సుని ఎఫ్ 32కి మూసి, ఫిల్మ్ నాలుగు మూలల్లోనూ కన్ను పెట్టి, ప్రతి మూల నుంచీ ఆ చిన్న వెలుతురు చుక్క నిండుగా కనిపిస్తోందో లేదో చూసుకున్నాను. గోడలు ఇప్పుడు నిజంగానే చీకటి.

ఏప్రిల్ 21, ఆదివారం. బయట 40 దాటిన ఎండ. డెవలపర్‌ని 20లో పట్టి ఉంచడానికి పక్కింటి ఫ్రిజ్ ఐసు కూడా తెచ్చాను. ఎఫ్‌పీ4 మీద రెండు షీట్లు. చీకట్లో, బొమ్మని నిలబెట్టే మందు హైపోలోంచి తీసి, లైటు వేసి, తడి నెగెటివ్‌ని కిటికీకి ఎత్తి పట్టుకున్నాను. కనుబొమ గాజులా తేటగా ఉంది. మీసంలో ఒక్కో ఉలి దెబ్బ ఎక్కడ ఆగిందో కనిపిస్తోంది. మామకి ఫోన్ చేస్తే "నీళ్ళు కారకుండా ఆరేయప్పా ముందు" అన్నాడు.

ఖర్చు రాసి పెట్టుకున్నాను: ఎక్స్‌రే ఫిల్మ్ 2,900, ఎఫ్‌పీ4 5,600, కడిగే మందులు 1,400, లెన్సు శుభ్రం 1,500, వెల్వెట్ 260, చార్టు 40. మొత్తం 11,700. అందులో పని చేసింది చివరి 300, రెండు చెంచాల మసి. ఎక్స్‌రే ఫిల్మ్ ఇంకా చాలా ఉంది. ఎదురు వెలుతురు లేని బొమ్మలకి అదే వాడుతున్నాను, దాని మీద నాకిప్పుడు కోపం లేదు.

మే 5న నెగెటివ్‌ని కాగితానికి ఆనించి వేసిన ఒక కాంటాక్ట్ ప్రింటు తీసుకుని నిమ్మలకుంటకు పోయాను. ఎన్నికల రోజులు గదా, దారిలో బండి ఆపి అట్ట కవరు విప్పమన్నారు. నోట్ల కట్టలు కాదు, ఆంజనేయుడు బయటపడేసరికి తనిఖీ ఆయన ప్రింటుని కళ్ళకద్దుకుని పంపించాడు.

బొమ్మ చేసినాయన వసారాలో కూర్చుని ప్రింటుని చాలాసేపు చూశాడు. నేను పంచె సంగతి, చార్టు సంగతి చెప్తే, "ఆటకి తెర కట్టినప్పుడు మేం చుట్టూ కంబళ్ళు కడతాం గదప్పా. లేకుంటే బొమ్మ యాడ కనపడతాది?" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన మాత్రం ప్రింటుని ఎండలోకి తిప్పి, వెనక వైపు కూడా ఒకసారి చూసి, అడిగాడు.

"అంతా బాగుంది గానీ, నేనేసిన ఎరుపు యాడికి పోయిందప్పా?"